ఫెల్టన్ గారూ, ఆరో వరసకి రండి

మళ్ళీ చివరి మాట మింగేసింది అమారి. "పిల్లల బట్టల విభాగంలో ఈ ఒక్కరోజే తగ్గింపు ధరలు" అని బాగానే మొదలుపెట్టింది, తీరా "త్వరపడండి" దగ్గరికొచ్చేసరికి ఊపిరి చాలక నీరుగారిపోయింది. ఎన్నిసార్లు చెప్పానమ్మా నీకు, గాలి పొట్టలోంచి తీసుకో, చివరి మాటకి కాస్త దాచిపెట్టుకో అని. చెప్పి ఏం లాభంలే, ఇప్పుడా మైకు ముందు కూర్చున్నది తను, నేను మేనేజరు గది బయట నడవాలో ఒక కాలు పొట్టిదైన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నెత్తిమీద స్పీకరు ఏమంటే అది వింటున్నాను. పది గంటలకు రమ్మన్నారు. గోడ గడియారం పదీ పది చూపిస్తోంది, అది ఎప్పుడూ నాలుగు నిమిషాలు ముందు నడుస్తుంది, పందొమ్మిదేళ్ళుగా ఎవరూ దాన్ని సరిచేయలేదు. తలుపు వెనక క్రౌస్ గారి గొంతు, హెడ్డాఫీసు నుంచి వచ్చిన లిండ్‌గ్రెన్ మేడమ్ గొంతు. మాటలు తెలియడం లేదు. ఇందాక ఒకసారి ఇద్దరూ నవ్వారు. నవ్వుతున్నారంటే మంచికా చెడుకా? చెడు కబురు చెప్పేముందు మనుషులు నవ్వుకోరు కదా, లేక నవ్వుకుంటారా, నాకేం తెలుసు, నేనెప్పుడూ ఆ తలుపుకి లోపలివైపు కూర్చోలేదు. మోకాళ్ళు లాగుతున్నాయి. ఏడు వారాలుగా కింద గోడౌన్లో చెప్పుల పెట్టెలు ఎత్తి దించుతున్న మోకాళ్ళు. నాకు యాభై ఎనిమిదేళ్ళు నిండాయి తల్లీ అని వాటికి నేను చెప్పక్కర్లేదు, అవే నాకు చెబుతున్నాయి.

ఈ స్టోరుకి గొంతు నేను. నేనంటే డెల్ఫీన్ గేథర్. సేలమ్ ఎవెన్యూ బస్సులో వెనక సీట్లో ముక్కూ ముఖం తెలియని ఆవిడ నేను డ్రైవరుతో రెండు మాటలు మాట్లాడగానే "అయ్యో, మీరు ఆ స్టోరులో పైనుంచి మాట్లాడే ఆవిడ కదూ!" అని చెయ్యి పట్టుకునేది. డేటన్ ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళు నా మాట విని దుప్పట్లు కొనుక్కున్నారు, నా మాట విని తప్పిపోయిన పిల్లల్ని వెతుక్కున్నారు. రెండో అంతస్తులో అద్దాల గది, అందులో బల్ల, మైకు, ఎర్రదీపం ఉన్న ఫోను, ఒక పుస్తకం. ఏ ప్రకటన చేసినా ఆ పుస్తకంలో రాయాలి, ఎన్నింటికి, ఏ వరసకి, ఏం చెప్పాం. ఎవరూ చూడని పుస్తకం అది. అయినా నేను గీతలు గీసుకుని, ఒక్క కొట్టివేత లేకుండా, పేజీ కింద పొడి అక్షరాలు కాకుండా పూర్తి సంతకం పెట్టేదాన్ని. నా ముందు ఆ బల్ల దగ్గర పనిచేసిన మార్జ్ ఉద్యోగం వదిలి వెళ్తూ మొదటివారం నాకు అన్నీ నేర్పింది. లైటు వెలిగితే ఫోను తియ్యి, కెమెరా గదిలోంచి సెక్యూరిటీ వేడ్ మాట్లాడతాడు. "ఫెల్టన్, ఆరు" అంటాడు. నువ్వు మైకులో "ఫెల్టన్ గారూ, దయచేసి ఆరో వరసకి రండి" అనాలి. అంతే. "ఫెల్టన్ గారెవరు?" అనడిగాను. మార్జ్ నవ్వింది. "అలాంటి మనిషి లేడు. ఆ పేరు వినబడితే సెక్యూరిటీ వాళ్ళు ఆ వరస మీద కన్నేస్తారు. దొంగలున్నారు కదమ్మా లోకంలో." దొంగలున్నారు, నిజమే. లేరని ఎవరన్నారు? రెండో నెలకే నాకు అర్థమైపోయింది, ఫెల్టన్ గారు వెళ్ళే వరసలో ఎప్పుడూ మా నల్లరంగు వాళ్ళే ఉంటారని. అద్దాల గదిలోంచి కింద సగం స్టోరు కనబడుతుంది మరి. నర్సు యూనిఫాంలో ఉన్న పిల్ల. టై కట్టుకున్న ముసలాయన. కడుపుతో ఉన్న ఆవిడ, ఉయ్యాల బొమ్మలు చూసుకుంటూ. వీళ్ళ వెనకాల ఫెల్టన్ గారు, అంటే వేడ్, అంటే నేను. తెలిసీ పిలిచాను. నెమ్మదిగా, స్పష్టంగా, ఒక్క అక్షరం మింగకుండా పిలిచాను. కూర్చుని చేసే పని కదా, ఆదివారాలు సెలవు కదా, చర్చి పాటల బృందానికి అడ్డం రాదు కదా, నేను పిలవకపోతే ఇంకొకరు పిలుస్తారు కదా. ఎన్ని కదాలు చెప్పుకున్నానో దేవుడికి తెలుసు. ఆయన దగ్గర కూడా ఒక పుస్తకం ఉంటుంది, అందులో నా పేజీ ఏ రంగులో ఉంటుందో.

చిన్నప్పుడు మా అమ్మ నన్ను ఊళ్ళోకి తీసుకెళ్ళేముందు గుమ్మంలో నిలబెట్టి కోటు బొత్తాలు పెడుతూ పాఠం చెప్పించేది. "చేతులు?" అనేది. "జేబుల్లోంచి బయట" అనాలి నేను. "తాకుతావా?" "తాకను." "మరి చూడాలనిపిస్తే?" "కళ్ళతో చూస్తాను." "బిల్లు చీటీ?" "చేతిలో పట్టుకుని గుమ్మం దాటాలి." అయిదేళ్ళ పిల్లని. ఒకసారి నీలంరంగు రిబ్బను మెరుస్తుంటే వేలు పెట్టాను, పెట్టానో లేదో అమ్మ నా చేతి మీద చెళ్ళున కొట్టింది, అక్కడ ఎవరూ ఏమీ అనకముందే కొట్టింది. వాళ్ళు కొట్టేలోపు తను కొడితే దెబ్బ తగ్గుతుందనుకుందేమో పిచ్చితల్లి. ఇంటికొచ్చాక ఆ చేతికి వెన్న రాసింది. ఇప్పటికీ నేను ఏ షాపుకెళ్ళినా చేతులు వాటంతటవే బయటికొస్తాయి, జనవరి చలిలో కూడా, వేళ్ళు మొద్దుబారినా సరే. ఈ స్టోరులో ఒక్కచోటే, ఆ అద్దాల గదిలోనే, నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని.

పదీ ఇరవై. అంటే పదహారు. స్పీకరు గరగరలాడింది, "మూడో కౌంటరు దగ్గరికి ఎవరైనా రావాలి" అంది అమారి, అంతే. హమ్మయ్య. ఏడు వారాలుగా ఇదే పని నాకు. కింద గోడౌన్లోనూ ఒక స్పీకరు ఉంది, చెప్పుల పెట్టె చేతిలో పట్టుకుని చెవి పైకి పెట్టి వింటూ ఉంటాను. నేను ఫిర్యాదు రాసిన రోజు నుంచి ఈ రోజు వరకు ఫెల్టన్ గారిని ఎవరూ పిలవలేదు. ఒక్కసారి కూడా. నన్ను ఏం చేస్తే చేశారు, ఆయన్ని మాత్రం పాతిపెట్టాను, అని రోజూ ఇంటికెళ్ళేటప్పుడు బస్సులో అనుకుంటాను. నాకున్న సంతోషం అదొక్కటే, దాన్ని పట్టుకునే ఈ కుర్చీలో కూర్చోగలుగుతున్నాను.

మదర్ ప్రూయిట్ ఇప్పుడు ఏం చేస్తూ ఉంటుందో. కిటికీ దగ్గర కుర్చీలో ఉంటుంది. ఎనభై ఒక్కేళ్ళ మనిషి, మా సంఘానికి తల్లి, నాలుగున్నర అడుగులు ఉంటుందో ఉండదో, అయినా ఆవిడ నడవాలోంచి వస్తుంటే పాస్టరు గారు కూడా పక్కకి జరుగుతారు. చిన్నప్పుడు మా అందరికీ పాట నేర్పింది ఆవిడే. నా పొట్ట మీద తన చిన్న అరచెయ్యి పెట్టి, "ఇక్కడ్నుంచి రావాలి బిడ్డా, ముక్కులోంచి కాదు. చివరి మాట మింగకు, దేవుడు చివరి మాట కోసమే కాచుకుని కూర్చుంటాడు" అనేది. నా గొంతు నాది కాదు, ఆవిడ నాకు పెట్టిన అన్నం. ఈస్టరుకి మూడు వారాల ముందు ఒక గురువారం ఆవిడ మా స్టోరుకి వచ్చింది, తెల్ల గ్లౌజులు కొనుక్కోవడానికి. పండగనాడు గుమ్మం దగ్గర తెల్లబట్టలతో నిలబడి జనాన్ని లోపలికి కూర్చోబెట్టే పని ఇప్పటికీ ఆవిడదే, ఎవరు వద్దన్నా వినదు. ఆరో వరసలో గ్లౌజుల దగ్గర నిలబడి, కొలత అంకె కనబడక, కళ్ళజోడు తీసుకుందామని చేతిసంచీ తెరిచింది. చేతిలో గ్లౌజులు, తెరిచిన సంచీ. కెమెరాలో అదొక్కటే కనబడింది. లైటు వెలిగింది. వేడ్ "ఫెల్టన్, ఆరు" అన్నాడు. ఆ వరస నాకు గదిలోంచి కనబడదు, చూడాలని ప్రయత్నించనూ లేదు. పిలిచాను. పుస్తకంలో రాసుకున్నాను. పదకొండూ ఇరవై, ఫెల్టన్, ఆరు. ఆ తర్వాత టిఫిన్ డబ్బా తెరిచి కోడిగుడ్డు సాండ్‌విచ్ తిన్నాను. మిరియాలు ఎక్కువయ్యాయని గొణుక్కున్నాను కూడా. అది గుర్తుంది నాకు, ఆ మిరియాలు. అదే సమయానికి కింద గుమ్మం పక్కన బల్ల మీద వేడ్ ఆవిడ సంచీ బోర్లించాడు. మందుల సీసాలు, పుదీనా బిళ్ళలు, మడతపెట్టిన రుమాలు, కట్టుడుపళ్ళ డబ్బా. కట్టుడుపళ్ళ డబ్బా మూత కూడా తీసి చూశాడు.

ఇదంతా నాకు ఆదివారం తెలిసింది, ప్రార్థన అయ్యాక చర్చి వసారాలో. నా చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్ళింది. "బిడ్డా, గురువారం మీ స్టోరుకి వచ్చాను."

"అవునా మదర్! ఒక్క కబురు చేస్తే నేనే దిగి వచ్చేదాన్ని కదా."

"నీ గొంతు విన్నానే. పైనుంచి, ఆకాశంలోంచి వచ్చినట్టు. ఎవరో ఫెల్టన్ గారిని పిలిచావు. ఎంత ముద్దుగా పలికావో! చివరి మాట గంటలా మోగింది. ఈ పిల్ల నా పిల్ల అని పక్కనున్నావిడతో చెప్పబోయాను, ఇంతలో వాళ్ళొచ్చారు."

"ఎవరొచ్చారు?"

అప్పుడు చెప్పింది, తన తెల్ల బూట్లకేసి చూస్తూ, చాలా చిన్న గొంతుతో, ఏదో తనే తప్పు చేసినట్టు. "ఎవరికీ చెప్పకే. నా పళ్ళ డబ్బా తెరిచాడే ఆ అబ్బాయి, అందరూ చూస్తుండగా. పోనీలే, వాళ్ళ పని వాళ్ళు చేసుకున్నారు. కానీ ఆ బల్ల దగ్గర నిలబడినంతసేపూ నేనేమనుకున్నానో తెలుసా? పైన నా బిడ్డ ఉంది, నాకేం భయం, అనుకున్నాను." చెప్పాల్సింది అప్పుడే. అప్పుడే ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి, మదర్, ఫెల్టన్ గారు లేరు, ఆ పేరుతో మీ మీదికి వాళ్ళని ఉసిగొలిపింది నేనే, అనాల్సింది. లోకం మొత్తానికి వినబడే గొంతు, అక్కడ ఆవిడ ఒక్కదానికి వినబడేలా పలకలేకపోయింది. ఆవిడ ఆ పండక్కి గుమ్మం దగ్గర నిలబడలేదు. కాళ్ళ నొప్పులంది. ఆ తర్వాత ఇల్లు కదలడమే మానేసింది.

వసారాలో ఆ మాట విన్న మర్నాడే, సోమవారం, నేను ఫిర్యాదు రాశాను. నాలుగు పేజీలు. ఫెల్టన్ పేరు వెనక ఏముందో, ఫోను ఎవరు చేస్తారో, ఎవరి వెనకాల వెళ్తారో, దాచకుండా రాశాను. నాకు కావలసింది ఒక్కటే, ఆఖర్న అదీ రాశాను. తప్పు జరిగిందని ఒక కాగితం. మదర్ ప్రూయిట్ దొంగ కాదు, ఆవిడ వెంట పడటం తప్పు, ఇకమీదట ఎవరి వెంటా పడము, అని కంపెనీ ముద్రతో ఒక్క కాగితం ఇస్తే చాలు, దాన్ని తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టి, అప్పుడు నా సంగతి నేను నా నోటితో చెప్పుకుంటాను. వట్టి చేతులతో వెళ్ళి చెప్పుకునే ధైర్యం నాకు లేదు. అందుకని రాశాను. క్రౌస్ గారు చదివాడు. నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్నవాడు. "డెల్ఫీన్, నువ్విలా చేస్తావనుకోలేదు. మనం ఒక కుటుంబం లాంటి వాళ్ళం కదా" అన్నాడు. మర్నాటికల్లా ఆ కుటుంబం నన్ను కింది గోడౌన్లోకి పంపించేసింది. "నీ గొంతుకి కాస్త విశ్రాంతి కావాలి" అన్నాడు. ఆ వారం డ్యూటీ చీటీలో ఆదివారం పొద్దున్న ఎనిమిది నుంచి నాలుగు. పందొమ్మిదేళ్ళలో లేనిది. "సార్, ఆదివారం నాకు సంఘం ఉంటుంది" అంటే, "అందరికీ ఏదో ఒకటి ఉంటుంది కదా" అన్నాడు. పాటల బృందంలో రెండో వరస చివర నా చోటు ఏడు ఆదివారాలుగా ఖాళీగా ఉంది, వాళ్ళు దాన్ని పూడ్చలేదట, జరగలేదట, అలాగే వదిలేశారట. అది విన్నరోజు పెట్టెల మధ్య కూర్చుని ఏడ్చాను, కూర్చున్నందుకు ఒక హెచ్చరిక చీటీ ఇచ్చారు. మూడు నిమిషాలు ఆలస్యమైనందుకు ఒకటి, గడియారం నాలుగు నిమిషాలు ముందుందని చెబితే ఎదురు మాట్లాడినందుకు ఇంకొకటి. భోజనాల గదిలో నేను వెళ్ళి కూర్చుంటే బల్ల ఖాళీ అయిపోయేది. తెల్లవాళ్ళు ముఖం చాటేశారంటే సరే, మావాళ్ళు ఇంకా ముందు లేచేవాళ్ళు. వాళ్ళని ఏమనను? మా అందరికీ అమ్మలు ఒకే పాఠం చెప్పించారు.

అమారి ఒక్కతే ఒకరోజు మెట్ల దగ్గర ఆగింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, ఇంట్లో ఏడు నెలల చంటిది. నా బల్ల దగ్గర కూర్చోబెట్టేముందు రెండు రోజులు నేనే దానికి పని నేర్పాను. ఆ రెండు రోజుల్లోనే "ఫెల్టన్ గారెవరు మిస్ డెల్ఫీన్?" అని అడిగింది, నేను అడిగినట్టే. నేనేం చెప్పాను? మార్జ్ నవ్వినట్టే నవ్వాను. "లేనివాడులే, ఆ పేరు వస్తే పిలువు, అంతకుమించి అడక్కు" అన్నాను. అప్పటికింకా మదర్ ప్రూయిట్ రాలేదు స్టోరుకి. రోజులు లెక్కేస్తే మూడో నాలుగో తేడా. పండక్కి నేను సెలవు పెడతానని దానికి ముందే నేర్పమన్నారు, నేర్పాను, ఊపిరితో సహా నేర్పాను. ఇప్పుడు మెట్ల దగ్గర దాని చెయ్యి పట్టుకుని బతిమాలాను. "హెడ్డాఫీసు మేడమ్ నిన్ను పిలుస్తుంది తల్లీ. ఎర్రదీపం వెలిగితే వేడ్ ఏమంటాడో అదొక్కటే చెప్పు. నా గురించి ఏమీ చెప్పక్కర్లేదు."

"నన్ను ఇందులోకి లాగొద్దు మిస్ డెల్ఫీన్. నాకు చంటిది ఉంది." కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి దానికి. "మీకేం, మీ పిల్లలు పెద్దవాళ్ళైపోయారు."

కోపం రాలేదు. రావాల్సింది, రాలేదు. ఆ వయసులో నేనైతే మెట్ల దగ్గర ఆగేదాన్ని కూడా కాదు. అయినా నాకు సాక్షులెందుకు, నా పుస్తకాలు ఉన్నాయి. పాతవి చెత్తలో వేస్తుంటే అయ్యో ఎంత శుభ్రంగా రాశానో అని ఇంటికి పట్టుకెళ్ళిపోయినవి, మూడేళ్ళ పుస్తకాలు మూడు. పోయిన నెల లిండ్‌గ్రెన్ మేడమ్ మొదటిసారి వచ్చినప్పుడు తెల్ల కాగితంలో చుట్టి ఆవిడ చేతిలో పెట్టాను. "ఇవి చాలా ఉపయోగపడతాయి గేథర్ గారూ" అంది. పేజీలు తిప్పి "ఎంత శ్రద్ధగా రాశారు!" అంది. ఆ మాటకి నేను మురిసిపోయాను. మూడు రోజులు ఆ మాటే తలచుకున్నాను. ఇన్నేళ్ళకి ఒకరు ఆ పుస్తకం తెరిచి చూశారు.

తలుపు తెరుచుకుంది. పదీ నలభై రెండు, గడియారం ప్రకారం. "లోపలికి రండి గేథర్ గారూ." బల్ల మీద నా మూడు పుస్తకాలూ ఉన్నాయి, ఒకదానిమీద ఒకటి, మధ్యలో పసుపు కాగితం ముక్కలు పెట్టి. క్రౌస్ గారు కలం మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. నేను కుర్చీ అంచున కూర్చున్నాను, చేతులు బల్ల మీద పెట్టుకుని.

"ముందుగా మీకు కృతజ్ఞతలు," అంది మేడమ్. "మేము పూర్తిగా విచారణ చేశాం. మీ ఫిర్యాదు నిజమేనని తేలింది."

ప్రభువా, స్తోత్రం. కళ్ళ ముందు మదర్ ప్రూయిట్ ఒళ్ళో ఆ కాగితం కనబడింది నాకు.

"మాకు దొరికిన ఆధారాలు ఈ పుస్తకాలే. మూడేళ్ళలో నాలుగు వందల పన్నెండు సార్లు ఈ ప్రకటన చేశారు. ఈ చేతిరాత మీదేనా?"

"నాదేనండి." ఛీ, ఎంత గర్వంగా అన్నానో.

"సంతకం?"

"నాదే."

"మైకులో మాట్లాడింది కూడా మీరే కదా. ఇలా పిలవమని మీకు ఎవరైనా కాగితం మీద రాసి ఇచ్చారా?"

"రాసెవరిస్తారు మేడమ్? వేడ్ ఫోను చేసి చెప్పేవాడు. పందొమ్మిదేళ్ళుగా అంతే."

"అలాంటి ఫోన్లు తను చేయలేదని వేడ్ గారు రాసిచ్చారు. మీ ప్రకటన వినే తను అక్కడికి వెళ్ళేవాడట."

"అమారిని అడగండి."

"అడిగాం. తనకేమీ తెలియదంది."

క్రౌస్ గారి వైపు చూశాను. ఆయన గొంతు సవరించుకున్నాడు. "నీ మీద నాకు కోపం లేదు డెల్ఫీన్. కానీ నీ వాళ్ళనే నువ్వు అలా... నాకెంత బాధేసిందో తెలుసా?" ఒళ్ళు మండింది. అరచేతులతో బల్ల చెక్కని అదిమిపెట్టాను. ఏదో అనాలి, ఇప్పుడు అనాలి, పొట్టలోంచి గాలి తీసుకున్నాను, తీరా చూస్తే ఏమనను? పిలిచింది నేను కాదనా? అబద్ధమైతే ఎదురు తిరగొచ్చు. వాళ్ళు చెప్పినదాంట్లో నా వరకు ఒక్క ముక్క అబద్ధం లేదు. వాళ్ళని వాళ్ళు మాత్రం అందులోంచి తీసేసుకున్నారు, అంతే. చీటీ ముందుకి జరిపింది మేడమ్. ఇవాళ్టి నుంచి ఉద్యోగం లేదు. కారణం, కస్టమర్ల పట్ల రంగును బట్టి వివక్ష చూపడం.

"ఇంకొక విషయం. మీరు అడిగినట్టే ప్రూయిట్ గారికి కంపెనీ తరఫున క్షమాపణ ఉత్తరం మొన్ననే పంపాం. ఆ ప్రకటన చేసిన ఉద్యోగినిని పనిలోంచి తీసేశామని అందులో స్పష్టంగా రాశాం."

"మొన్ననే?"

"అవును. ఈపాటికి చేరి ఉంటుంది. మీరు కోరింది అదే కదా?"

నేను కోరింది అదే. బ్యాడ్జీ తీసి బల్ల మీద పెట్టాను, పైన తొడుక్కునే ఎర్ర చొక్కా మడతపెట్టి దాని పక్కన పెట్టాను. పనివాళ్ళ దారిన వెళ్ళకూడదట ఇక, అందరిలా ముందు గుమ్మంలోంచి వెళ్ళాలట. వాన కోటు తొడుక్కుని బయటికొచ్చాను. మదర్ ప్రూయిట్ ఇంటికి పోస్టు పదకొండు లోపే వస్తుంది. సంచీ తెరిచి కళ్ళజోడు తీసుకుంటుంది. ఆ ప్రకటన చేసిన ఉద్యోగిని, అని చదువుతుంది. రెండుసార్లు చదువుతుంది. ఆవిడ ఆ రోజు విన్న గొంతు ఎవరిదో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. పైన నా బిడ్డ ఉంది, నాకేం భయం, అనుకుంది కదా. నేను వెళ్ళి చెప్పేలోపే, నా నోటితో చెప్పేలోపే, ముద్ర వేసిన కాగితం చెప్పేసింది. ఇప్పుడు బస్సెక్కి వెళ్తే? వెళ్ళి ఏం చెప్పను? కాదనను. అవునని చెప్పడానికి ఇక ఏమీ మిగల్లేదు. తలుపు తీస్తుందా? తీస్తుంది, అదే భయం, తీసి నన్ను లోపలికి రమ్మంటుంది, ఆకలేస్తోందా బిడ్డా అంటుంది.

ఎలా నడిచానో, తలెత్తి చూస్తే గ్లౌజుల దగ్గరున్నాను. తెల్లవి, మణికట్టు దగ్గర ఒక చిన్న ముత్యం బొత్తాం. ఇవే అయ్యుంటాయి. ఆవిడ చెయ్యి చాలా చిన్నది, ఆరో నంబరు సరిపోతుందేమో. ఇవి కొని తీసుకెళ్తేనో. పిచ్చి ఆలోచన, ఏ ముఖంతో, అయినా జత తీశాను, లోపలి అంకె కనబడలేదు, నా కళ్ళకీ ఈమధ్య దగ్గరివి ఆనడం లేదు. ఇంకో చేత్తో కోటు జేబులో కళ్ళజోడు కోసం తడుముకుంటున్నాను. చుట్టూ ఎవరూ లేరు, మెత్తటి సంగీతం, ఎక్కడో దూరంగా హాంగర్ల చప్పుడు. ఫరవాలేదు, అనుకున్నాను, నా బతుకు ఎలా తెల్లారినా ఫెల్టన్ గారు మాత్రం పోయారు, ఏడు వారాలు, ఏడు వారాలంటే నా పుస్తకం ప్రకారం ఇరవైమంది దాకా, ఆ ఇరవైమంది తమ వెనకాల ఎవరూ లేకుండా తిరిగి వెళ్ళారు, వాళ్ళకి తెలియదు, నాకు తెలుసు.

స్పీకరు గరగరమంది. అమారి ఊపిరి తీసుకోవడం వినబడింది నాకు, పొట్టలోంచి, నేను నేర్పినట్టే. "ఫెల్టన్ గారూ, దయచేసి ఆరో వరసకి రండి." ఒక్క అక్షరం మింగలేదు. చివరి మాట గంటలా మోగింది. అబ్బ, ఎంత బాగా పలికింది, అనుకున్నాను ముందు, నిజంగానే అనుకున్నాను. ఆ తర్వాత పందొమ్మిదేళ్ళ అలవాటు కొద్దీ ఎవరొచ్చారా పాపం అని తల తిప్పి చూశాను, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా. ఆరో వరసలో ఎవరూ లేరు. వేడ్ బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. గ్లౌజులు ఉన్నచోటే పెట్టేసి, కళ్ళజోడు జేబులోనే వదిలేసి, రెండు చేతులూ బయటికి తీశాను, వాళ్ళకి కనబడేలా.